జెర్సీ మీద పేరు కాదు, బడిలో బంతి కావాలి

2025 డిసెంబర్ 13న మెస్సీ హైదరాబాద్ ఉప్పల్ స్టేడియానికి వచ్చిన రాత్రి, అక్కడ ఆడిన ఒక జట్టు పేరులో బొగ్గు గనుల సంస్థ సింగరేణి ఉంది. అంతటి ఆటగాణ్ని చూస్తే చాలు, మన పిల్లలు ఫుట్‌బాల్ వైపు పరుగెత్తుతారన్న మాట అప్పటి నుంచి ఊరూరా తిరుగుతోంది. ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఆ గనుల ఊరు గోదావరిఖనిలో సర్కారు హైస్కూలు పిల్లవాడికి ఆ రాత్రి దక్కింది టీవీలో బొమ్మే. మర్నాడు వాడు ఆడదామనుకుంటే మైదానం కావాలి, బంతి కావాలి, నేర్పే సారు కావాలి. ఈ మూడూ లేని ఉత్సాహం వారం కూడా నిలవదు.

ఈ నేల మీద ఫుట్‌బాల్‌ను పెంచింది ఎవరో ఆ మాట చెప్పేవాళ్లు మరిచిపోయారు. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. రెండు కాళ్లతోనూ తన్నడం, బంతిని అట్టే పెట్టుకోకుండా చప్పున అందించడం ఆయన పట్టుబట్టి నేర్పిన పాఠాలు. రోజూ సాధన చేయిస్తేనే అవి వంటబడతాయి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి భారత జట్టుకూ, క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్‌కూ చేరిన గుగులోత్ సౌమ్యను తయారు చేసిందీ అలాంటి సాధనే.

మరి మన బడుల్లో జరుగుతున్నదేమిటి? పదో తరగతి పరీక్షలు దగ్గర పడగానే ముందు మాయమయ్యేది ఆటల పీరియడే. లెక్కల సారు తీసుకుంటారు, సైన్సు సారు తీసుకుంటారు. తమ గంటను ఆటకిచ్చేవాళ్లు మాత్రం కనబడరు. వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నచోట కూడా ఆయన చేతికి బంతికంటే ముందు ఆఫీసు పనే వస్తుంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో బడికి ఆటస్థలం ఉండాలని ఉంది. దాన్ని ఖాళీ జాగా అనుకుని మూలన ఒక గది, ఇంకో మూలన ఒక షెడ్డు కట్టుకుంటూ పోతే పిల్లలు ఎక్కడ పరుగెత్తాలి?

ఆట కూడు పెట్టదంటారు. బొగ్గు బాయిలో ఉద్యోగం కూడా ఇప్పుడు ఇంటింటికీ దొరకడం లేదు కదా! గోదావరిఖనిలో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉండగా ఇంకేం కావాలనీ అంటారు. బడి వదిలాక మిగిలే గంటలో ప్రతి పిల్లా అంతదూరం పోలేదు. డబ్బు లేదనడం మాత్రం చెల్లదు. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలు కంపెనీల సామాజిక బాధ్యత నిధులను క్రీడా శిక్షణకు వాడవచ్చంటోంది. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్రానిదే. ఆ సంస్థ నిధులతో రామగుండం, మందమర్రి, బెల్లంపల్లి, కొత్తగూడెం సర్కారు బడుల మధ్య ఏటా ఒక లీగ్ పెట్టాలి. ఎండలు ముదరకముందే, తెల్లవారుజామున ఆడించాలి. మిగతా వివరాలు కూర్చుని తేల్చుకోవచ్చు. ఎంత పెద్ద ఆటగాడైనా వచ్చి వెళ్లిపోతాడు; తెల్లారితే మైదానంలో నిలబడాల్సింది బడి సారే. ఖర్చు అక్కడ మొదలుకావాలి.