సాయంత్రానికి గడి లేదు

డీఅడిక్షన్ వార్డు నుంచి ఇంటికి పంపేటప్పుడు రాసిచ్చే మందుల చీటీ ఎప్పుడైనా చూశారా? మాత్ర పేరు పక్కన 1-0-1 అని ఉంటుంది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. సాయంత్రానికి అందులో గడే లేదు. తాగుడు మానినవాడికి గండం వచ్చేది సరిగ్గా ఆ వేళకే.

చేతుల వణుకు వారం పది రోజుల్లో తగ్గుతుంది. కానీ పోయింది మందు ఒక్కటే కాదు. పని దిగాక కలిసే నలుగురు, కూర్చునే చోటు, నంజుకునే పల్లీలు, కబుర్లు అన్నీ దాని వెంటే పోయాయి. ‘తాగొద్దు’ అనడానికి ఇంటిల్లిపాదీ ఉన్నారు. ‘మరి ఏం చెయ్యను?’ అంటే బదులిచ్చేవాళ్లు లేరు.

ఆ బదులు వెతికే విద్యే ఆక్యుపేషనల్ థెరపీ. ‘వృత్తి చికిత్స’ అని తెలుగు చేసుకుని, అదేదో ఉద్యోగాల వ్యవహారం అనుకున్నాం. మన పెద్దల నోట అంతకన్నా మంచి మాట ఉంది: వ్యాపకం. తాగుడూ ఒక వ్యాపకమే. దాన్ని మరో వ్యాపకమే కదిలించగలదు.

ఈ విద్యకు పునాది పడిందే మానసిక వైద్యశాలల్లో. బాల్టిమోర్‌లోని ఫిప్స్ క్లినిక్‌లో అడాల్ఫ్ మేయర్ దగ్గర పనిచేసిన ఎలినార్ క్లార్క్ స్లాగల్, చెదిరిపోయిన రోగి రోజును పని, ఆట, విశ్రాంతి, నిద్రగా మళ్లీ పేర్చడం నేర్పారు. తర్వాత షికాగోలో ఆ విద్యకే బడి నడిపారు. మన దేశానికి దాన్ని తెచ్చింది అమెరికాలో పుట్టి మరాఠీ ఇంటి కోడలైన కమలా నింబ్కర్. 1950లో ముంబై కేఈఎం ఆసుపత్రిలో ఆమె పాఠశాల మొదలుపెట్టారు.

ఇలాంటి బడిలో పంతులమ్మ చెప్పే పాఠం ఎలా ఉంటుంది? ‘టీ పెట్టడాన్ని మెట్లు మెట్లుగా విడదీసి రాయండి’ అంటుంది. పిల్లలు నవ్వుతారు. రాస్తూ పోతే తెలుస్తుంది: దిగులు కమ్మినవాడికి మంచం నుంచి పొయ్యి దాకా నడవడమే కొండ ఎక్కడమని. తర్వాతి పాఠం, రోగి ఇరవై నాలుగు గంటలూ రాయించి ఏ గంట బోసిగా ఉందో పట్టుకోవడం. అన్నిటికన్నా కష్టమైంది, ఆ గంటలో ఏం చేయాలో అతనితోనే చెప్పించడం. తాపీమేస్త్రి చేతికి తాటాకులిచ్చి బుట్ట అల్లమంటే అది చికిత్స కాదు, కాలక్షేపం.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2019లో వెలువరించిన సర్వే ప్రకారం, మద్యం వల్ల చిక్కుల్లో పడి సాయం కావలసినవాళ్లు దేశంలో 5.7 కోట్ల మంది. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందనీ ఆ సర్వే తేల్చింది. ఆ ఒక్కడైనా 1-0-1 చీటీతో ఇల్లు చేరి, ఆరింటికి గుమ్మంలో దిక్కులు చూస్తూ కూర్చుంటే ఆ చికిత్స సగమే. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ థెరపిస్టులను గుర్తించింది. ఇక ప్రతి డీఅడిక్షన్ కేంద్రంలో ఒక కుర్చీ కూడా వేయాలి.

అందాకా మనకూ ఓ పని ఉంది. మానేసినవాణ్ణి ‘మళ్లీ ముట్టలేదు కదా?’ అని నిలదీయడం మానేద్దాం. ఆరు కాకముందే గుమ్మం దగ్గర నిలబడి ‘బావా, టీకి పోదాం రా’ అని పిలుద్దాం.