ప్రణాళికలో మన వంతు ఎటు పోయింది?

మార్కెట్టు మంచిదా, ప్రణాళిక మంచిదా అని పెద్దలు ఇంకా తగువులాడుకుంటూనే వున్నారు. మార్కెట్టులో డబ్బున్నోడి ఆకలికే విలువ; కూలోడి ఆకలి లెక్కకు రాదు. రష్యాలో 1928 నుంచి ఏ ఫ్యాక్టరీ ఎంత ఉక్కు తీయాలో మాస్కోలోనే రాసిచ్చారు. ఫ్యాక్టరీలు లేచాయి. కానీ రైతుల ధాన్యం లాక్కుపోతే 1932-33 కరువులో లక్షలాది మంది చచ్చారు. ఇదేమని అడగడానికి అక్కడ జనానికి నోరు లేదు.

ఈ రెంటినీ ఎరిగిన బాబాసాహెబ్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో వేరే దారి చూపారు. కీలక పరిశ్రమలు, భూమి ప్రభుత్వానివి కావాలి. కులం చూడకుండా భూమిని ఊరోళ్లకిచ్చి ఉమ్మడి సేద్యం చేయించాలి. నీళ్లు, ఎడ్లు, విత్తనాలు ప్రభుత్వమే ఇవ్వాలి. ఓటూ వుండాలి. రేపు గెలిచినోడు చెరిపెయ్యకుండా ఇదంతా రాజ్యాంగంలోనే రాయాలన్నారు. రాయలేదు.

1950లో ప్రణాళికా సంఘం వచ్చింది. డ్యాములు కట్టారు, ఉక్కు పోశారు. భూమి జోలికి మాత్రం గట్టిగా పోలేదు. కాలువ నీళ్లు పారిన చోట పొలం దొరది, నాటేసే చేతులు మన ఆడోళ్లవి. జనాభాలో మన వంతుకు తగ్గ ప్లాను సొమ్ము మనకే కేటాయించాలని 1979-80లో అన్నారు. ఆ సొమ్ము ఢిల్లీలో 2010 కామన్వెల్త్ ఆటలకు మళ్లిందని కేంద్రమంత్రే పార్లమెంటులో ఒప్పుకున్నాడు. ఆడిందెవరో, ఓడిందెవరో! మనం పోరాడితే 2013లో ఆంధ్రప్రదేశ్‌లో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. 2015లో ప్రణాళికా సంఘం పోయి నీతి ఆయోగ్ వచ్చింది; 2017 బడ్జెట్టుతో ప్లాను ఖర్చు అనే పద్దే ఎత్తేశారు. రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి చట్టం మాత్రం వుంది. మీ వాడ పేరు మీద ఈ ఏడు ఏం ఖర్చు రాశారో మండలాఫీసులో అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి, వచ్చిన జవాబు మాకు పంపండి.