పిల్లలతో హోటలుకా? ముందు కుర్చీ చూడండి!

"పిల్లలతో హోటలుకెళ్తే తిని వచ్చినట్టుండదు వదినా, పోట్లాడి వచ్చినట్టుంటుంది" అంది మొన్న మా ఆడపడుచు. నవ్వొచ్చింది గానీ కాదనలేకపోయాను. మీలో ఎంతమందికి ఈ అనుభవం లేదో చెప్పండి!

మాది రొళ్ల. ఆంధ్రావాళ్లమే అయినా మాకు పెద్ద ఊరంటే బెంగళూరే. ఆసుపత్రి పనైనా, పెళ్లి చీరలైనా శిర, తుమకూరు మీదుగా అక్కడికి వెళ్లాల్సిందే. పిల్లల్ని ఎవరికప్పగించి వెళ్తాం? చంకలో ఒకరు, చెయ్యి పట్టుకుని ఒకరు.

మా చిన్నవాడికి మూడేళ్లప్పటి సంగతి. ఎవరో చెప్పారని బాగా పేరున్న హోటలుకు వెళ్లాం. ఆదివారం, మధ్యాహ్నం ఒంటిగంట. ముప్పావుగంట నిలబడితే కుర్చీ దొరికింది. కూర్చున్నాక మా వీపుల వెనకే ఇంకో నలుగురు, వీళ్లెప్పుడు లేస్తారా అని చూస్తూ. వాడేమో ఆకలికి ఏడుపు. సాంబారు కారమని ఒక కేక పెట్టి గ్లాసు తోసేశాడు. నీళ్లన్నీ పక్కాయన పంచె మీద పడ్డాయి. ఆయన ఏమీ అనలేదు గానీ మావారు అందరి ముందూ నన్ను కసిరారు. వాణ్ణెత్తుకుని బయటికొచ్చేశాను. నా దోసె అలాగే ఉండిపోయింది. తర్వాత రెండేళ్లు నేను ఏ హోటలు మెట్టూ ఎక్కలేదు. చిత్రాన్నం కట్టుకెళ్లి పార్కులో తినడమే.

ఇప్పుడాలోచిస్తే తప్పు వాడిదీ కాదు, నాదీ కాదు. ఆ హోటలూ చెడ్డది కాదు. మేం వెళ్లిన వేళే సరైంది కాదు. పేరు చూశాం గానీ కుర్చీ చూడలేదు.

బెంగళూరులో దర్శినులని ఉంటాయి. 1980ల నుంచి వీధివీధినా వచ్చాయి. ధర తక్కువ, వేడివేడిగా దొరుకుతుంది. కానీ చాలావాటిలో నిలబడే తినాలి. శంకరపురంలోని బ్రాహ్మిన్స్ కాఫీ బార్ కూడా 1965 నుంచీ నిలబడి తినే చోటే. ఇడ్లీ, చట్నీ ఎంతో బాగుంటాయి. మనిద్దరమే అయితే సరే, చంకలో బిడ్డతో ప్లేటెక్కడ పెట్టుకుంటాం?

లాల్‌బాగ్ రోడ్డులోని ఎమ్.టి.ఆర్. అయితే కూర్చుని తినొచ్చు. 1924లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం కరువైతే రవ్వతో ఇడ్లీ చేసింది తామేనని వాళ్లు చెప్తారు. ఆ రవ్వ ఇడ్లీ మెత్తగా ఉంటుంది, పిల్లలు ఇష్టంగా తింటారు. సెలవు రోజుల్లో మాత్రం జనం ఎక్కువ. మామూలు రోజు పెందలాడే వెళ్లండి. తిన్నాక దగ్గర్లోని లాల్‌బాగ్‌లో పిల్లల్ని వదిలితే కాసేపు పరిగెత్తుతారు.

మన భోజనమే కావాలంటే రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున ఉంది. 1984 నుంచి అరిటాకులో ఆంధ్రా భోజనం పెడుతోంది. పిల్లలకు ముందు పప్పు, నెయ్యి కలిపి పెట్టండి. పొడులూ పచ్చళ్లూ మనకు.

ఏ హోటలైనా ఇవి మాత్రం మరవకండి:

పిల్లలకు ఆకలెయ్యకముందే వెళ్లండి. మధ్యాహ్నం పన్నెండుకు కూర్చుంటే ఒంటిగంట రద్దీకి మీరు చెయ్యి కడుక్కుంటుంటారు.

గోడ వారగా ఉన్న బల్ల అడగండి. బిడ్డను గోడవైపు కూర్చోబెట్టండి. వేడి సాంబారు, కాఫీ లోటాలు వాడి చెయ్యి అందనంత దూరంలో ఉండాలి.

పిల్లల ప్లేటు ముందు తెమ్మనండి. సెట్ దోసె, ఇడ్లీ, పెరుగన్నం మంచివి. కన్నడం రాకపోతే "ఖార కడిమె" అంటే కారం తక్కువ వేస్తారు. "బిసి నీరు" అంటే వేడినీళ్లు తెస్తారు.

సంచిలో ఒక జత బట్టలు, పాత తువ్వాలు, ఇంటి గ్లాసు, చెంచా ఉంచుకోండి. నీళ్లొలికితే మీరే తుడిచేయండి, సర్వరు కూడా నవ్వుతాడు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇంటి దగ్గరే మీవారితో మాట అనుకోండి. సగం భోజనం దాకా బిడ్డ ఒకరి దగ్గర, తర్వాత రెండోవారి దగ్గర. ఈ మాట చెప్పడానికి నాకు రెండేళ్లు పట్టింది. చెప్పాక మావారు కాదనలేదు. "అప్పుడే చెప్పొచ్చు కదా" అన్నారు!

పోయిన వేసవిలో ఆడపడుచునూ, ఆమె ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని వెళ్లాం. చిన్నది చట్నీ ఒలకబోసింది. మావారే లేచి దాన్ని చెయ్యి కడగడానికి తీసుకెళ్లారు. ఆడపడుచు నావైపు చూసింది. "దోసె చల్లారిపోతుంది, నువ్వు తినమ్మా" అన్నాను.

హోటలు పిల్లలకు పనికొస్తుందా లేదా అని నేనిప్పుడు ఒక్కటే చూస్తాను. ఆ బల్ల దగ్గర తల్లి వేడిగా తిందా, లేదా? ఈసారి మీరూ చూడండి.