ప్రింటరు పని ఎవరు నేర్చుకోవాలి?

ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే గోండు గ్రామం ఉంది. అక్కడి పాత రాతప్రతుల్లోని గోండి లిపిని హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వెలుగులోకి తెచ్చింది. అప్పటికి దాన్ని చదవగలిగిన పెద్దలు కొద్దిమందే. పిల్లలు నేర్చుకోవాలంటే ఆ లిపిలో అచ్చయిన కాగితాలు వారి చేతికి అందాలి. సీసపు అచ్చుల కాలంలో అయితే ఒక్కొక్క అక్షరానికీ అచ్చు పోత పోయించవలసి వచ్చేది. కొద్దిమంది కోసం ఆ ఖర్చు ఎవరు పెడతారు?

ఇప్పుడు ఆ అవసరం లేదు. ఎందుకో తెలుసా? మీ బడిలోని ప్రింటరుకు ఏ భాషా రాదు! దానికి తెలిసినవి చుక్కలే. అంగుళానికి 600 చుక్కల చొప్పున ఒక ఏ4 కాగితం మీద సుమారు మూడున్నర కోట్ల చుక్కలకు చోటుంటుంది. (కాగితం కొలతలు 210, 297 మిల్లీమీటర్లు. లెక్క కట్టి చూడండి.) ఏ చుక్క నల్లబడాలో చెప్పేది కంప్యూటరు. అందుకు ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కావాలి. గుంజాల గోండికి 2018లో యూనికోడ్‌లో ఆ సంఖ్యలు వచ్చాయి. అక్షరాల రూపాలుండే ఫాంటు కూడా ఉచితంగానే దొరుకుతుంది. అది లేకపోతే అక్షరాల బదులు ఖాళీ గళ్లు పడతాయి. దానికి ప్రింటరును తిట్టి లాభం లేదు.

ఇక పేజీని చుక్కలుగా మార్చి ప్రింటరుకు చేర్చేవారెవరు? లైనక్స్ కంప్యూటర్లలో ఆ పని చేసే ప్రోగ్రాము పేరు ‘కప్స్’. మైకేల్ స్వీట్ అనే అమెరికన్ దీన్ని రూపొందించి 1999లో విడుదల చేశాడు. వచ్చిన పనులను ఇది వరుసలో నిలబెట్టి, డిస్కులో దాచి, ఒక్కొక్కటే పంపుతుంది. అందువల్ల కరెంటు పోయి వచ్చినా సాధారణంగా వరుస చెదరదు. బ్రౌజరులో ‘లోకల్‌హోస్ట్:631’ అని ఇంగ్లీషులో కొడితే ఆ వరుసంతా కనిపిస్తుంది.

తీగ ఊడినప్పుడు కొన్నిసార్లు కప్స్ ఆ ప్రింటరును ‘ఆగింది’ అని గుర్తుపెట్టుకుంటుంది. తీగ బిగించినా కదలదు. మళ్లీ నడవమని మనమే చెప్పాలి. ఇది తెలియనివారు అదే పేజీని పదిసార్లు పంపుతారు. తీరా నడిచాక పది కాపీలూ వచ్చి పడతాయి!

ఈ పని నేర్చుకోవలసింది మీరేనని నా అభిప్రాయం. ప్రింటరు పాస్‌వర్డు ఒక్కరికే తెలిస్తే, ఆయన సెలవు పెట్టిన రోజున ప్రింటరుకూ సెలవే. నాలుగు పేజీల కోసం పట్నానికి బస్సెక్కవలసి వస్తుంది. పిల్లల చేతికిస్తే కాగితం, సిరా వృథా అవుతాయని పెద్దలంటారు. ఆ భయం అర్థం లేనిది కాదు. అయితే ఒక్కొక్కరికి వారానికి ఇన్ని పేజీలే అని హద్దు పెట్టే వీలు కప్స్‌లోనే ఉంది. ఆ హద్దు ఎంతో మీ తరగతిలో మాట్లాడుకుని తేల్చండి.

కొత్త ప్రింటరు కొనే మాట వస్తే, అది లైనక్స్‌తో పనిచేస్తుందా అని దుకాణంలో ముందే అడిగించండి. నెట్‌వర్కుకు కలిపే కొత్త రకాల్లో చాలా వాటికి వేరే డ్రైవరు అక్కరలేదు. కరీంనగర్‌లో తెలుగు గోడపత్రిక వేసినా, నార్నూర్‌లో గోండి గోడపత్రిక వేసినా వాటికి ఒకటే. పాత ప్రింటరునూ వెంటనే మూలన పడేయనివ్వకండి. కొత్త విండోస్‌కు డ్రైవరు దొరకనివి కొన్ని లైనక్స్‌లో చక్కగా నడుస్తాయి. ముందు ఒక పరీక్ష పేజీ పంపి చూడండి.