జిరాఫీ గుండె గొప్పతనం బరువులో లేదు

పిల్లల పుస్తకాల్లో, క్విజ్ పోటీల్లో జిరాఫీ గురించి ఒక మాట తరచుగా వినిపిస్తుంది: దాని గుండె 11 కిలోలుంటుంది, అంత ఎత్తుకు రక్తం ఎక్కించాలంటే అంత పెద్ద గుండె కావాలి మరి! వినడానికి సబబుగానే ఉంది. తూచి చూస్తే మాత్రం నిలబడదు.

గ్రాహం మిచెల్, జె.డి. స్కిన్నర్ 2009లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం జిరాఫీ గుండె దాని శరీర బరువులో దాదాపు అర శాతమే. మనిషి గుండె కూడా ఇంచుమించు అంతే. అంటే వెయ్యి కిలోల జిరాఫీకి ఐదారు కిలోల గుండె. ఈ లెక్కన 11 కిలోల గుండె ఉండాలంటే ఆ జంతువు రెండు టన్నులు తూగాలి. పెద్ద మగ జిరాఫీలు కూడా సాధారణంగా అంత బరువుండవు.

కానీ గుండె ముందున్న పని మాత్రం నిజంగానే పెద్దది. తల గుండెకు దాదాపు రెండు మీటర్ల పైన ఉంటుంది. అంత ఎత్తు రక్తాన్ని నిలబెట్టడానికే సుమారు 150 మిల్లీమీటర్ల పాదరసమంత పీడనం కావాలి. అందుకే గుండె దగ్గర జిరాఫీ సగటు రక్తపోటు మనకన్నా రెట్టింపు, 200 వరకు ఉంటుంది.

మరి మామూలు బరువున్న గుండె ఇంత పీడనాన్ని ఎలా తట్టుకుంటోంది? జవాబు లాప్లాస్ సూత్రంలో ఉంది. గుండె గోడ మీద పడే భారం పీడనంతో, లోపలి గది వ్యాసార్ధంతో పెరుగుతుంది. గోడ మందంతో తగ్గుతుంది. జిరాఫీ ఎడమ జఠరిక గోడ మందం, గది ఇరుకు. డెన్మార్క్ పరిశోధకులు 2016లో ఇదే చూపించారు. పీడనం రెట్టింపైనా గోడ మీది భారం ఇతర క్షీరదాల స్థాయిలోనే ఉంది. అయితే ఇది ఊరికే రాలేదు. గది చిన్నది కాబట్టి ఒక్కో స్పందనకు బయటికి వెళ్లే రక్తమూ తక్కువే.

'పెద్ద పనికి పెద్ద గుండె' అన్న మాట ఈ కథనంతా మింగేస్తోందన్నదే నా అభ్యంతరం. దాంతోపాటు మనకు సంబంధించిన ప్రశ్న కూడా మరుగున పడుతోంది. ఏళ్ల తరబడి రక్తపోటు ఉన్న మనిషికీ ఎడమ జఠరిక గోడ మందమెక్కుతుంది. అందులో పీచు కణజాలం పేరుకుని గుండె బిగుసుకుపోతుంది, చివరికి విఫలం కావచ్చు. జిరాఫీ మాత్రం జీవితమంతా అంత పోటుతోనే పరుగెత్తుతుంది. ఎలా?

2021లో శాస్త్రవేత్తలు ఎఫ్‌జీఎఫ్‌ఆర్‌ఎల్‌1 అనే జన్యువును జిరాఫీలో ఉన్నట్టుగా ఎలుకల్లో మార్చారు. రక్తపోటు పెంచే మందు ఇచ్చినా ఆ ఎలుకలు చాలావరకు తట్టుకున్నాయి, గుండెకూ మూత్రపిండాలకూ నష్టం తగ్గింది. ఇది ఎలుకల్లో వచ్చిన ఫలితమే, రేపటికి మందు కాదు. అయినా వెతకాల్సిన దారి అటే ఉంది.

పాఠ్యపుస్తకాలు రాసేవారికీ, జంతు ప్రదర్శనశాలల్లో బోర్డులు పెట్టేవారికీ ఒక విన్నపం. గుండె బరువు చెప్పినప్పుడు శరీరంలో అది ఎన్నో వంతో కూడా చెప్పండి. గోడ మందం గురించి ఇంకో వాక్యం చేర్చండి. అది చదివిన పిల్లల్లో ఒక్కరైనా 'ఎందుకలా?' అని అడుగుతారు.