ముద్ద దిగని బిడ్డ

భోజనము చేయుచు ఎవరైనను పొలమారినప్పుడు నడినెత్తిన చేతితో తట్టి, దూరముననున్న ఆప్తులెవరో తలచుకొనుచున్నారని చెప్పి నవ్వుకొనుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న వాడుక. పెద్దవారికి ఎన్నడో ఒకనాడు కలుగు ఈ చిన్న ఉపద్రవము ఒక పసిబిడ్డకు పూటపూటకును, ముద్దముద్దకును కలుగుచుండగా, బిడ్డ మొండిదని విసుగుకొనుటయు, తల్లికి తినిపించుట చేతకాదని ఇంటిల్లిపాదియు తీర్పు చెప్పుటయు మాత్రము నవ్వి ఊరకుండదగినవి కావు. అన్నము పెట్టుట ప్రేమకు సంబంధించిన పని యని అందరమును ఎరుగుదుము. మింగుట ఒక విద్య యనియు, ఆ విద్య పట్టుబడని బిడ్డలు కలరనియు, వారికి దానిని నేర్పు శాస్త్రమొకటి యున్నదనియు ఎరిగినవారు కొలదిమందియే.

నాలుక, దవడ, అంగిలి, గొంతుక, వీనికి చెందిన సుమారు 30 కండరములు క్షణమాత్రములో క్రమము తప్పక కదలినగాని గ్రుక్కెడు పాలు లోనికి దిగవు. గాలి పోవు త్రోవయు అన్నము పోవు త్రోవయు గొంతులో ఒకే కూడలిని దాటవలసియుండుటచే, మింగునప్పుడు ఊపిరి నిలిచి, శ్వాసద్వారము మూసుకొని, ముద్ద దాటిపోయిన పిదప తిరిగి తెరచుకొనవలెను. గర్భమున 32 మొదలు 34 వారములు నిండినగాని చీకుట, మింగుట, ఊపిరి తీయుట అను మూడింటికిని పొత్తు కుదరదు. అంతకు ముందే పుట్టిన శిశువునకు గొట్టము ద్వారా పాలు పట్టుట అందులకే. సెరిబ్రల్ పాల్సీ వలన మెడ నిలువని బిడ్డకును, అంగిలి చీలి పుట్టిన బిడ్డకును, డౌన్ సిండ్రోమ్ వలన కండరములలో బిగువు లేని బిడ్డకును ఈ పొత్తు వేరువేరు చోట్ల తప్పును. తప్పినప్పుడు దగ్గు వచ్చినచో అది ఒక విధముగా అదృష్టమే. శరీరము ఇంకను కావలి కాయుచున్నదన్న మాట. దగ్గైనను రాక, చప్పుడైనను లేక, పాలు ఊపిరితిత్తులలోనికి జారిపోవు బిడ్డలు కలరు. ఏటికి మూడు నాలుగు మారులు నెమ్ము చేరి ఆసుపత్రి పాలగుచు, ప్రతిమారును చలిగాలిమీదికో, అరటిపండుమీదికో నెపము పోవుచున్న బిడ్డను చూచినప్పుడు, ఆ నెమ్ము వచ్చిన త్రోవ గొంతులోనే యున్నదేమో యని అనుమానింపవలెను. బేరియము కలిపిన ఆహారమును మింగించుచు, కదలెడు ఎక్స్‌రే చిత్రమును తీసినచో ఆ గుట్టు కంటికి కనబడును.

మన ఉగ్గుగిన్నె సంగతి చూడుడు. తల్లియో అమ్మమ్మయో కాళ్లు చాచి, వానిపై బిడ్డను వెల్లకిల పరుండబెట్టి, చేతులు కదలకుండ ఒత్తిపట్టి, ఏడ్చుటకు నోరు తెరచినప్పుడు ఉగ్గును గొంతులో పోయుట పల్లెలలో ఇప్పటికిని చూడవచ్చును. ఆముదమైనచో ముక్కును కూడ మూయుదురు. ఏడ్చు బిడ్డ ఊపిరిని లోనికి పీల్చుకొనును గదా, ఆ పీల్పుతో ద్రవమును పోవును. నూనె మరింత మోసకారి. దగ్గును పుట్టింపకయే శ్వాసనాళములోనికి జారి, మాన్ప కష్టమైన నెమ్మును కలిగించును. అట్లని ఉగ్గుగిన్నెను పారవేయుమని చెప్పుటకు నాకు నోరు రాదు. నేడు నవజాత శిశువుల విభాగములలో, గొట్టము తీసి ఇంకను రొమ్ము పట్టలేని శిశువునకు నర్సులు పాలు పట్టునది ఇట్టి గిన్నెతోనే. అయితే వారు బిడ్డను తల యెత్తి ఒడిలో నిలిపి, గిన్నె కొనను క్రింది పెదవికి ఆనించి, శిశువు తన వేగముతో తాను నాకుకొనువరకు వేచియుందురు. దోషము గిన్నెలో లేదు, తొందరలో నున్నది.

మింగుట నేర్పు చికిత్సలో సగమునకు ఖర్చు లేదని చెప్పినచో కొందరు నమ్మరు. తల్లి నిలుచుండి, క్రింద కూర్చున్న బిడ్డకు పైనుండి ముద్ద అందించునప్పుడు బిడ్డ మెడ వెనుకకు వాలును. స్పృహ తప్పినవానికి ఊపిరి ఆడుటకై గడ్డము పైకెత్తి శ్వాసమార్గమును తెరచెడు భంగిమ అదియే. అన్నము తినువానికి అది ఎంత అపాయకరమో వేరుగ చెప్పనక్కరలేదు. నడుము నిలిచి, మోకాళ్లు వంగి, పాదములక్రింద పీటయో ఇటుకయో ఆనునట్లు కూర్చుండబెట్టి, తినిపించువారు బిడ్డ కన్నులకు సమానమైన ఎత్తున కూర్చుండినచో గడ్డము దానంతటదియే కొంచెము దిగును. పాదములకు ఆధారము లేని బిడ్డ తన బలమునంతయు పడిపోకుండుటకే వెచ్చించును, దవడకు మిగులునదేమి?

తరువాతది చిక్కదనము. జావ చక్కగా దిగు బిడ్డకు చారు పొలమారుట చూచి తల్లులు వింతపడుదురు గాని, పలుచని ద్రవము గొంతు సిద్ధపడకముందే పరుగెత్తును. జావ నెమ్మదిగా నడచును. చారన్నము మరింత కష్టము. మెతుకును నమలుచుండగా నీరు ముందే జారిపోవును. ఆహారముల చిక్కదనమును మెత్తదనమును 0 మొదలు 7 వరకు ఎనిమిది మెట్లుగా విభజించిన ఒక అంతర్జాతీయ పద్ధతి నేడు వాడుకలోనున్నది. దాని పరీక్షకు ఏ యంత్రమును అక్కరలేదు. 10 మిల్లీలీటర్ల సిరంజిలో ద్రవమును నింపి, క్రింది రంధ్రమును 10 సెకండ్లు తెరచి, లోపల ఎంత మిగిలినదో చూచుటయే: ఒక మిల్లీలీటరుకు లోపు మిగిలినచో అది నీటివంటిది, ఎనిమిదికి మించి మిగిలినచో బాగుగా చిక్కనిది. మెత్తని ముక్కల పరీక్ష ఇంకను సరదాయైనది. బొటనవ్రేలి గోరు తెల్లబడునంత ఒత్తిడితో ఫోర్కుతో నొక్కినప్పుడు ముక్క చితికిపోవలెను, పసివారికి ఆ ముక్క 8 మిల్లీమీటర్లకు మించరాదు. గోరుముద్ద యని పేరు పెట్టిన మన తల్లులకు ఈ కొలత క్రొత్తగా తోచదు. తెలంగాణలో అంగన్‌వాడీల నుండి ఏడు నెలలు నిండిన బిడ్డలకు అందు బాలామృతము పొడియే గదా, నీరెంత తగ్గించిన అంత చిక్కన. అంగన్‌వాడీ టీచరు చేతికి ఒక సిరంజి యిచ్చి ఈ పరీక్ష నేర్పుటకు ప్రభుత్వమునకు కలుగు భారమేమో నాకు బోధపడకున్నది. అయితే చిక్కదనమును మందువలె, నిపుణుడు చెప్పిన కొలతతో వాడవలెను. నెలలు నిండని శిశువులకు ఒక చిక్కదనపు జిగురు వలన ప్రేగులు చెడవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరించినది. పిండి కలిపి చిక్కపరచిన తల్లిపాలు కొంతసేపటికే మరల పలుచబడును.

భంగిమను, చిక్కదనమును సరిదిద్దు ఇంత తేలికయైన పనిని విడిచి, బుగ్గలమీద కంపనయంత్రములు పెట్టుట, ఈలలు ఊదించుట, నాలుకను బ్రష్షుతో రుద్దుట మొదలగు వ్యాయామములకే పూటలు గడుపు చికిత్సాలయములను గూర్చి నాకు ఫిర్యాదు కలదు. నాడీసంబంధమైన లోపము గల పిల్లల మింగుడు చికిత్సలను పరిశీలించిన, వైద్యసాక్ష్యములను క్రోడీకరించు కోక్రేన్ సంస్థ వారి సమీక్ష, ఏ పద్ధతినైనను రూఢిగా సిఫారసు చేయుటకు తగిన సాక్ష్యము లేదని 2012లో తేల్చినది. నెలలు నిండని శిశువుల పెదవులను, బుగ్గలను సుతారముగా నిమిరి చీకుటకు సిద్ధపరచుట వేరు. అందు మేలు కనబడినది. తక్కిన బిడ్డల విషయమున, ఈత నీటిలో వచ్చునట్లు మింగుట మింగుటచేతనే వచ్చునని నా నమ్మకము. ఆ మింగునది భద్రమైన చిక్కదనమున, భద్రమైన భంగిమలో, చెంచాలో పావువంతు మాత్రమే యుండవలెను.

షెఫీల్డు వైద్యుడు రోనాల్డ్ ఇల్లింగ్‌వర్త్ 1964లో లిస్టరుతో కలసి వ్రాసిన వ్యాసమొకటి నేటికిని చదువదగినది. నమలుటకు సిద్ధపడు ఆరేడు నెలల ప్రాయమున ఘనాహారము నోటికి అందనిచో, పిమ్మట దానిని అలవరచుట దుస్సాధ్యమగునని వారు గుర్తించిరి. మన పెద్దలు ఆరవ మాసమున అన్నప్రాశనము చేయుటకును ఈ పరిశీలనకును దగ్గరి పొంతన కలదు. గొట్టము మీద పెరిగిన బిడ్డకు ఈ ముహూర్తమే దాటిపోవుచున్నది. నోటికి వచ్చినవన్నియు మందులు, గొట్టములు, బాధలే యగుటచే పెదవి తాకినంతనే వాంతి చేసుకొనును. పొట్టకు నేరుగా గొట్టము అమర్చు శస్త్రచికిత్సను పొట్టను కోసి తెరవకుండ, లోదర్శిని (ఎండోస్కోపు) సాయముతో చేయు విధానము క్లీవ్‌లాండులో 1979లో ఒక పసిబిడ్డమీదనే మొదటిసారి ప్రయోగింపబడినది. దానిని తల్లులు ఓటమిగా భావింతురు. ఎదుగుదల గొట్టమున కొప్పగించి, నోటిని రుచికి, ఆటకు, వ్రేలికొనతో అంటించిన పప్పుకట్టునకు విడిచిపెట్టినచో అది ఓటమి యెట్లగును?

ఇక, గొంతులో ఏ లోపమును లేకయే నోరు మూసుకొను బిడ్డలు వేరొక జాతి. తెల్లని పెరుగన్నము తప్ప మరేదియు ముట్టని ఆటిజము బిడ్డను ఆకలికి మాడ్చినచో దారికి వచ్చునని చెప్పువారు కొండనాలుకకు మందు వేయువారు. ఇష్టమైన అన్నమును తీసివేయక, దాని ప్రక్కనే మరొకటి పెట్టి, చూచుట, తాకుట, వాసన చూచుట, పెదవికి తగిలించుట అను మెట్లను నెలలపాటు ఎక్కించు ఓపిక కావలెను.

మింగుట నేర్పువారు స్పీచ్ థెరపిస్టులని విన్నప్పుడు, మాట రాని వానికి గదా స్పీచ్ థెరపీ, మింగలేని వానికేల యని తండ్రులు అడుగుదురు. వారిని తప్పు పట్టలేము. 2016 వికలాంగుల హక్కుల చట్టము పేర్కొన్న 21 వైకల్యములలో మాటకు చోటున్నది, మింగుటకు లేదు. 2013లో మొదలైన బాల స్వాస్థ్య కార్యక్రమపు బృందములు ఏటికి రెండు మారులు అంగన్‌వాడీకి వచ్చి బిడ్డలను పరీక్షింపవలెను. వారి కాగితములో మూడు ప్రశ్నలు చేర్చవలెనని నా మనవి: భోజనమునకు అరగంట దాటునా? నీరు త్రాగిన పిదప గొంతు గురగురలాడునా? జ్వరముతో కూడిన దగ్గు మాటిమాటికిని వచ్చునా? అవునన్న తల్లిని జిల్లాలోని బాలల చికిత్సా కేంద్రమునకు పంపునప్పుడు, ఇంటి గిన్నెను, చెంచాను, ఆ పూట వండిన అన్నమును వెంట తెచ్చుకొమ్మని చెప్పవలెను. ఆమె తినిపించుచుండగా ప్రక్కన కూర్చుండి చూచుటకు అక్కడి నిపుణునికి అరగంట తీరిక కల్పింపవలెను.