కొలతయు సత్యమును

మా పాఠశాలలో ఏటేట క్రీడోత్సవము జరుగుచున్నది. నూరు మీటర్ల పందెమున బాలురు ఈల వినబడినతోడనే వింటినుండి వెడలిన బాణములవలె పరుగిడుదురు. ఊపిరి వేగము హెచ్చకముందే ఆ మొదటి క్షణములయందు వారి తొడకండరములకు అంతటి బలమెక్కడినుండి వచ్చుచున్నది? ఈ ప్రశ్నను మేము పై తరగతుల విద్యార్థులను కొందరిని అడిగితిమి. అన్నమువలన నని కొందరును, గ్లూకోజువలన నని కొందరును బదులు పలికిరి. పిమ్మట యల్లాప్రగడ సుబ్బారావుగారెవరని యడుగగా, భీమవరమున జన్మించిన గొప్ప శాస్త్రజ్ఞులని అందరును ఒక్కపెట్టున చెప్పిరి. మొదటి ప్రశ్నకు సమాధానము వెదకి కనుగొన్నవారిలో ఆయనయు నొకరని యెరిగినవా డొక్కడును లేకపోయెను. మనము పేరు నేర్చితిమి గాని పని నేర్వలేదు. ఇది మా విద్యార్థుల దోషము మాత్రమే కాదు, మేము శాస్త్రము నేర్పుచున్న పద్ధతియందలి దోషమని మా యభిప్రాయము.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జన్మించిరి. రాజమహేంద్రవరమున చదివి, మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమారులు తప్పి, మూడవమారు చెన్నపురిలో కృతార్థులైరి. సోదరులిరువురు స్ప్రూ యను గ్రహణిరోగమునకు బలియైరి. చెన్నపురిలో వైద్యవిద్య ముగించి అమెరికా కేగి, హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరి, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రులు కూలిపని చేయుచు పరిశోధన సాగించిరి.

అక్కడ వారు మొట్టమొదట చేసినది ఏ దివ్యౌషధమును గాదు, ఒక కొలత. రక్తమునందును కండరములయందును ఉండు భాస్వరము మిగుల కొద్దిపాటిది. దానిని నిక్కముగా కొలుచుట ఆ కాలమున కష్టసాధ్యముగా నుండెను. సుబ్బారావుగారును, వారి యాచార్యుడు సైరస్ ఫిస్కె గారును ఒక సులభమార్గమును కనిపెట్టి 1925లో ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమున మాలిబ్డేటును, ఆ పిమ్మట మరియొక రసాయనమును కలిపినయెడల నీలిరంగు పుట్టును. భాస్వర మెంత హెచ్చుగా నున్న నీలిమ యంత చిక్కనగును. తెలిసిన పరిమాణము గల ద్రవముతో పోల్చిచూచిన లెక్క తేలును. ఇందు రోగము లేదు, మందు లేదు. "దీనివలన నెవరికి ప్రయోజనము?" అని ఆనాడెవరైన నడిగియుండిన వెంటనే చెప్పదగిన సమాధానము కష్టముగనే యుండెడిది.

అయినను ఆ నీలిరంగే దారిచూపెను. కండరములనుండి తీసిన ద్రవమును పరీక్షించునపుడు రంగు వెంటనే రాక ఆలస్యముగా వచ్చుచుండుట వారు గమనించిరి. మరియొకరైనచో ప్రయోగము చెడినదని దానిని పారబోసి, పుస్తకమున సరియైన అంకె వేసికొని యుందురేమో! వారట్లు చేయలేదు. ఆలస్యమునకు కారణమేమని యడిగి, భాస్వరము క్రియాటినుతో కూడి, సులభముగా విడిపోవు నొక పదార్థముగా కండరమున నున్నదని 1927లో తెలిపిరి. ఇదియే క్రియాటిన్ ఫాస్ఫేటు. ఆ సంవత్సరమే ఇంగ్లండులో ఎగల్‌టన్ దంపతులును ఇట్టి పదార్థమునే కనుగొనిరి. 1929లో ఎ.టి.పి. యను మరియొక పదార్థము జర్మనీలో లోమన్ చేతను, హార్వర్డున ఫిస్కె, సుబ్బారావుగార్లచేతను వేర్వేరుగ బయల్పడెను. కండరమున నిలువయుండు ఎ.టి.పి. కొన్ని సెకండ్లకు మాత్రమే చాలును. అది తరిగినకొలది దానిని తిరిగి నింపునది క్రియాటిన్ ఫాస్ఫేటు. పందెమున మొదటి పది సెకండ్లలో బాలుని పరుగెత్తించు బలములో ముఖ్యభాగ మిదియే.

అంతకుపూర్వము కండరము ముడుచుకొనుటకు లాక్టిక్ ఆమ్లమే మూలమని విజ్ఞులు తలంచుచుండిరి. ఆ ఆమ్లమును గూర్చి కృషిచేసిన హిల్, మయరాఫ్ అను వారికి 1922వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించెను. అయినను 1930లో డెన్మార్కువాడగు లుండ్స్‌గార్డు, ఆ ఆమ్లము పుట్టకుండజేసిన కండరము సైతము ముడుచుకొనుచున్నదనియు, అప్పుడు క్రియాటిన్ ఫాస్ఫేటు వ్యయమగుచున్నదనియు చూపెను. బహుమానము పొందిన సిద్ధాంతమైనను కొలతయెదుట తలవంచక తప్పలేదు. ఈనాడును మన ఆటస్థలములయందు పందెము మరునాడు కాళ్లు నొచ్చిన లాక్టిక్ ఆమ్లము పేరుకొన్నదని చెప్పుచుందురు. రక్తమున దానిని కొలిచిచూచిన, విశ్రాంతి తీసికొన్న గంట సుమారులోనే అది యథాస్థితికి వచ్చుచున్నది. మరునాటి నొప్పికి హేతువు, అలవాటులేని శ్రమచే కండరపు పోగులయందు కలిగిన సూక్ష్మమైన గాయము. కొలువక వల్లించిన మాట ఎంతకాలము బ్రతుకునో చూచితిరా!

కొలతలవలన లోపలి మర్మము తెలియును. మర్మము తెలిసిన పిమ్మటనే మందు పుట్టును. 1940లో లెడర్లె ప్రయోగశాలలో చేరిన సుబ్బారావుగారి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను బలిగొన్న స్ప్రూ రోగమునకు అది చికిత్సగా నుపయోగపడెను. రక్తకణముల వృద్ధికి ఆ యామ్లము అవసరము. కాబట్టి దానినే పోలియుండి, దాని పనిని అడ్డగించు పదార్థ మొకటి యున్నచో, మితిమీరి పెరుగు కణములను అణచవచ్చును గదా యను నాలోచన కలిగెను. ఫోలిక్ ఆమ్లపు అణువునందు ఒకచోట ప్రాణవాయువును తొలగించి నత్రజని సమూహమును చేర్చగా అమినాప్టెరిన్ సిద్ధమయ్యెను. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దానిని లుకేమియా వ్యాధిగల పదునార్గురు బాలబాలికలకిచ్చి, పదిమందికి గుణము కనిపించినదని 1948లో ప్రకటించెను. ఆ గుణము తాత్కాలికమే యని ఆయన దాచలేదు. ఆ తాత్కాలికమునుండియే నేటి చికిత్స క్రమక్రమముగా పెంపొందెను. దానికి సన్నిహితమైన మెథొట్రెక్సేటు నేటికిని లుకేమియాయందును, కీళ్లవాతమునందును వాడబడుచున్నది.

మన గోదావరీ తీరవాసులకు చిరపరిచితమగు బోదకాలు వ్యాధికిని ఆ ప్రయోగశాలనుండియే 1947లో డైఇథైల్ కార్బమజీన్ అను మందు వెలువడెను. ఈ వ్యాధి ప్రబలిన జిల్లాలయందు 2004 మొదలు ప్రభుత్వమువారు ఈ మాత్రలను ఇంటింట పంచుటకు పూనుకొనిరి. "నా కాలు బాగుగనే యున్నది, నాకు మాత్ర యేల?" అని పలువురు వానిని గూటిలో దాచుదురు. పురుగు పిల్లలు ఏ వాపును లేని వాని రక్తమునందును తిరుగుచుండును. దోమ వానిని పొరుగువానికి చేర్చును. కాలు వాచిన పిమ్మట ఈ మాత్ర దానిని పూర్వస్థితికి తేజాలదు. రోగమర్మము తెలియని యింట మందు కలిగియు లేనట్లే యగును.

ఇచ్చట మరియొక మాట చెప్పవలసియున్నది. ఈ పనులన్నియు సుబ్బారావుగారొక్కరే చేసిరని చెప్పుట మనవారికి పరిపాటియైనది. ఫిస్కె మొదలు పేరులేని సహాయకులవరకు అనేకులు చేరి చేసినపని యిది. తన పేరునకై ప్రాకులాడక 1948 ఆగష్టులో కన్నుమూసిన ఆ మహనీయునకు, లేని గొప్పను అంటగట్టుట గౌరవము గానేరదు. ఉన్నదానిని ఉన్నట్లు వ్రాయుటయే ఆయనకు తగిన పూజ.

మరి మనమట్లు వ్రాయుచున్నామా? మా ప్రయోగశాలలోని రికార్డు పుస్తకములను తెరచిచూచిన సిగ్గుపడవలసివచ్చుచున్నది. నిరుటి విద్యార్థి వ్రాసిన అంకెలే ఈయేటి విద్యార్థి పుస్తకమున కనబడును. ఎవడైన నిజముగా కొలిచి వేరొక అంకె వ్రాసినచో, తప్పని మార్కులు తగ్గింతుము. వాడు మరునాడు రబ్బరుతో చెరిపి "సరియైన" అంకెను వేసికొనును. ఆలస్యముగా వచ్చిన నీలిరంగును మనము ఈ విధముగ ప్రతిదినము పారబోయుచున్నాము! పరికరములకు ధనము లేదనియు, పరీక్షలకు కాలము చాలదనియు చెప్పుదురు. గడియారము, కొలబద్ద, త్రాసు లేని పాఠశాల యేది? పందెమునకు ముందు నాడిని లెక్కించి, పందెము ముగిసిన పిమ్మట అది యథాస్థితికి వచ్చువరకు నిమిషనిమిషము లెక్కించి వ్రాయుటకు ఖర్చేమి?

కావున మేము కోరునది స్వల్పము. వచ్చు సంవత్సరమునుండి ప్రతి విద్యార్థియు స్వయముగా కొలిచిన అంకెనే సిరాతో వ్రాయవలెను; చెరుపరాదు. అంకె పుస్తకముతో సరిపడనిచో దాని ప్రక్కన "ఏల?" అని యొక్కమాట వ్రాసినవానికి ఉపాధ్యాయులు మార్కు తగ్గింపక యొక మార్కు హెచ్చు వేయవలెను. పరీక్షలో రెండుమారులు తప్పిన బాలుడు తన చూపును మాత్రము తప్పనీయకుండుటచే లోకమున కెంత మేలు కలిగెనో యెరిగియున్నాము. మా తరగతులలో నేడు వెనుకబల్లమీద కూర్చుండి, అందరికిని వచ్చిన అంకె తనకు రాలేదని దిగులుపడుచున్న బాలుని పుస్తకమును ముందుగా చూడుడని మా మనవి.